తడి బట్ట మీద నీళ్లు

నడుములో కొత్త బిళ్ల పెట్టించుకుని వచ్చాక వరహాలు మొదటిసారి ఇస్త్రీ పెట్టె పట్టుకున్న రోజున మధురవాడ అపార్ట్‌మెంట్ల వీధిలో పెళ్లి సందడంత సందడైంది. వాచ్‌మన్ కుర్చీ తెచ్చుకుని మరీ కూర్చున్నాడు. పై అంతస్తులో ఉండే రిటైర్డ్ లెక్చరరు గారు దిగివచ్చి, నడుం ఎలా ఉందని అడిగి, జవాబు వినకుండా తన మోకాళ్ల సంగతి చెప్పుకొచ్చారు. ల్యాబులో పెంచిన వెన్ను అంటే ఏమిటో చూద్దామని పాలప్యాకెట్లకు వచ్చినవాళ్లు కూడా కాసేపు నిలబడ్డారు. అంతమంది చూస్తుంటే వరహాలుకి కొంచెం సిగ్గు, చాలా గర్వం కలిగాయి. బొగ్గులు రాజేసి, పెట్టె కింద కాస్త దూరంలో అరచెయ్యి పెట్టి వేడి చూసుకుని, లెక్చరరు గారి తెల్లచొక్కానే ముందు బల్ల మీద పరిచాడు.

రెండు చొక్కాలు నున్నగా వచ్చాయి. కాలు లాగలేదు, నడుం పీకలేదు. ఎదురుగా మడతలు పెడుతున్న అతని భార్య నూకరత్నం ఒక కంట బట్టల్నీ ఒక కంట మొగుణ్ణీ చూస్తోంది. మూడోది లెక్చరరు గారిదే, ఇంకో తెల్లచొక్కా. దాని వీపు మీద పెట్టె ఉంచి, ఈలోగా తర్వాతి బట్ట అందుకుందామని వరహాలు కుడివైపు మూటలోకి చెయ్యి చాపాడు.

నడుం పట్టేసింది.

నొప్పి కాదు. నొప్పి ఎలా ఉంటుందో అతనికి బాగా తెలుసు. ఇది వెనకనుంచి ఎవరో రెండు చేతులతో నడుం పట్టుకుని ఆపినట్టుంది. ముందుకు వెళ్లలేడు, వెనక్కి రాలేడు. చొక్కా మీద పెట్టె అలాగే ఉంది. కాలిన వాసన రాగానే నూకరత్నం బల్ల చుట్టూ పరుగెత్తుకొచ్చి పెట్టె ఎత్తింది. తెల్లచొక్కా వీపు మీద గోధుమరంగు మచ్చ పడింది.

"ఏటయింది మావా?"

"ఏటో... పట్టీసింది."

లెక్చరరు గారు పెద్దమనిషి, చొక్కా పోతే పోయిందిలే అన్నారు. వీధిలో వాళ్లు మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుని ఎవరి పాలప్యాకెట్లు వాళ్లు పట్టుకుని వెళ్లిపోయారు.

మనిషి వెన్నులో పూసకీ పూసకీ మధ్య ఒక మెత్తటి బిళ్ల ఉంటుంది. డాక్టర్లు డిస్కు అంటారు. వరహాలుకి అన్నిటికన్నా కింద ఉన్న బిళ్ల చితికి, దాని ముక్క జారి, ఎడమకాలికి వెళ్లే నరాన్ని నొక్కేసింది. పిర్ర నుంచి మడమ దాకా మంట. పెద్దాసుపత్రిలో ఆ బిళ్ల తీసేసి రెండు పూసల్నీ మరలతో బిగించేస్తామన్నారు. నొప్పి పోతుంది గానీ నడుం అక్కడ ఇక వంగదన్నారు. పొద్దస్తమానం బల్ల మీదకి వంగి బతికేవాడికి అది వైద్యమో శిక్షో అర్థం కాలేదు. అదే సమయంలో కొండవాలు మీద కొత్తగా పెట్టిన వెన్నుపూసల పరిశోధనశాలలో ప్రయోగానికి మనుషుల కోసం చూస్తున్నారని తెలిసి, నూకరత్నమే అతన్ని ఆటోలో ఎక్కించుకుని తీసుకెళ్లింది.

అక్కడి డాక్టరు పేరు హైమవతి. గొంతు పెంచని మనిషి. వరహాలు చితికిన బిళ్లలోంచి సూదితో కాస్త తీసి, దానితో కొత్త బిళ్లని పెంచింది. ఒకరోజు లోపలికి పిలిచి చూపించింది. గాజుపాత్రలో ఎర్రటి నీళ్ల మధ్య, గారె అంత తెల్లటి బిళ్ల. దానికి పైనా కిందా రెండు లోహపు రేకులు. ల్యాబులో అందరూ ఆ యంత్రాన్ని ఉయ్యాల అంటారు. వరహాలు నడుముకి ఒక వెడల్పాటి పట్టీ కట్టి వంగమంది. అతను వంగాడు. గాజుపాత్రలో బిళ్ల కూడా వంగింది. అతను పక్కకి తిరిగితే అదీ తిరిగింది. ఎవరో తనని వెక్కిరిస్తున్నట్టనిపించి వరహాలు నిటారుగా నిలబడిపోయాడు.

"ఇది ఉత్త మెత్తటి ముక్క కాదు వరహాలు గారూ," అంది హైమవతి. "ఎక్కడ లొంగాలి, ఎక్కడ బిగుసుకోవాలి అన్నది నేర్చుకుంటుంది. మీ పని దీనికి రోజూ చూపించాలి. మీకు నొప్పి ఎక్కడెక్కడ వస్తుందో పరీక్షలో చూశాం కదా, ఆ కదలికలు వచ్చినప్పుడు ఉయ్యాల దానంతట అదే ఆగిపోతుంది. పని నేర్పాలి గానీ నొప్పి నేర్పకూడదు."

ఇంటి నుంచి కూడా కదలికల్ని ఉయ్యాలకి అందించే ఆ పట్టీ ఇచ్చి పంపుతూ ఆమె చెప్పిన జాగ్రత్త ఒక్కటే. ఇస్త్రీ పెట్టె పట్టుకున్నంతసేపూ పట్టీ నడుముకి ఉండాలి, పని జరుగుతుంటే పట్టీ ఊరికే వేలాడకూడదు.

ఆమె ఏ ఉద్దేశంతో చెప్పిందో గానీ, వీళ్లు దాన్ని తమ ఇస్త్రీ బండి ఆచారంలో విన్నారు. ఆ బండి దగ్గర పిడిగుడ్డ అని ఒకటుంటుంది. పెట్టె పిడి కాలకుండా అరచేతికి చుట్టుకునే గుడ్డ. అది వరహాలుదీ కాదు, నూకరత్నానిదీ కాదు. పెట్టె ఎవరి చేతిలో ఉంటే గుడ్డ వాళ్ల చేతికుంటుంది. పట్టీ కూడా అలాగే అనుకున్నారు. ఆ రోజుల్లో వరహాలు నాలుగు బట్టలు చేసేసరికి కాలు మంటెక్కి బండి వెనక మంచం మీద వాలిపోయేవాడు. నూకరత్నం అతని నడుము నుంచి పట్టీ విప్పి తన చీరకట్టు మీద బిగించుకుని, మిగతా మూటంతా తనే చేసేది. సాయంత్రం మళ్లీ అతనికి కట్టేది. డాక్టరమ్మ మాట జవదాటలేదనీ, పట్టీని ఒక్క క్షణం ఊరికే ఉంచలేదనీ ఇద్దరికీ ఎంతో తృప్తి.

తర్వాత ఆపరేషను జరిగింది. పొట్టవైపు నుంచి వెళ్లి చితికిన బిళ్లనీ, జారిన ముక్కనీ తీసేసి ఆ ఖాళీలో కొత్తదాన్ని కూర్చోబెట్టారు. మెలకువ వచ్చేసరికి కాలి మంట లేదు. వరహాలు మంచం మీద ఏడ్చాడు. ఎందుకేడుస్తున్నావంటే, లేని నొప్పి ఎంత బాగుంటుందో చెప్పలేక ఏడ్చాడు.

చొక్కా కాలిన మర్నాడు ఇద్దరూ కొండ మీదకి వెళ్లారు. హైమవతి అతన్ని తెర ముందు నిలబెట్టి అన్నివైపులా వంచింది. కుడివైపు చాచినప్పుడు, నేలమీద బరువు ఎత్తినప్పుడు, మెట్టు ఎక్కినప్పుడు బిళ్ల ఒక్క క్షణం ముందుగానే బిగుసుకుంటోంది. నొప్పి రాబోతోందని తెలిసిన మనిషి ముందే ఊపిరి బిగబట్టినట్టుగా. ఆమె తెర మీది గీతల్ని మళ్లీ మొదటినుంచి చూసింది.

ఇది బిళ్ల సొంతంగా కనిపెట్టినది కాదని, ఎవరో నేర్పిందేనని చెప్పింది. మీ నొప్పి ఎడమకాలిది, ఇది కుడి నడుముది, మీకు అక్కడ ఎప్పుడూ నొప్పి లేదు కదా అని అడిగింది. తర్వాత నెమ్మదిగా, పట్టీ ఇంకెవరైనా కట్టుకున్నారా అంది. వేరే మనిషి తీరు పట్టుకుని ఉంటే బిళ్ల తీసెయ్యాల్సి రావచ్చు, లేదా...

ఆ 'లేదా' తర్వాత ఏముందో నూకరత్నం విననివ్వలేదు.

"ఎవరు కట్టుకుంటారమ్మా? మా మావే కట్టుకున్నాడు."

అంటూ మొగుడి వైపు చూసిన చూపులో, నోరు మూసుకోమని ఉంది. వరహాలు మూసుకున్నాడు. తీసేస్తే మళ్లీ మరలు, మళ్లీ మంచం. ఆ భయంలో అతనికి ఒక మాట తట్టనే లేదు. ఆ పట్టీ కట్టుకున్న రెండో మనిషి నడుముకి ఏమై ఉంటుంది అన్నది.

తట్టింది వేరేరోజు. ఎండ మొహాన కొడుతోందని బల్లకి అటువైపు, నూకరత్నం నిలబడే చోట నిలబడ్డాడు. అక్కడ నేలమీద ఒక ఇటుక ఉంటుంది. పొట్టి మనిషి, బల్ల అందక వేసుకుందని అతను ఇన్నేళ్లుగా అనుకుంటున్నాడు, ఎన్నోసార్లు వేళాకోళం కూడా చేశాడు. అనుకోకుండా ఎడమకాలు ఆ ఇటుక మీద పెట్టి కుడివైపు మూటలోకి చెయ్యి చాపాడు. నడుం పట్టలేదు. నూనె రాసినట్టు వంగింది. కాలు దింపి చాపాడు. పట్టేసింది. మళ్లీ ఇటుక మీద పెట్టాడు. వదిలేసింది.

పొట్టి మనిషైతే రెండు కాళ్లూ ఇటుకల మీద ఉండాలి కదా, ఒక్క కాలే ఎందుకని అప్పుడనిపించింది.

ఆ పూట అతను పని తక్కువ చేసి, ఆమెనే చూశాడు. మూట ఎత్తేముందు ఆమె ఎడమమోకాలు వంచి, కొంగు సవరించుకున్నట్టు నటించి, అప్పుడు ఎత్తుతుంది. మెట్లెక్కేముందు ఎవరినో ఒకరిని పలకరించి ఆగుతుంది. అన్నిటికన్నా విచిత్రం నీళ్లు. గిన్నెలో చెయ్యి ముంచి బట్ట మీద చిలకరిస్తుంది. పెట్టె తోస్తుంది. ఉన్నట్టుండి ఆగి, ఇంకా ఆరని ఆ బట్ట మీదే మళ్లీ చిలకరిస్తుంది. కుడివైపు చాచాల్సి వచ్చిన ప్రతిసారీ అంతే. తడి బట్ట మీద మళ్లీ నీళ్లెందుకే, బొగ్గులు దండగ అని అతను ఎన్నేళ్లు విసుక్కున్నాడో లెక్కలేదు. ఆమె ఏనాడూ బదులు చెప్పలేదు. ఆ నీళ్లు బట్టకి కాదు. ఊపిరి తీసుకోవడానికి.

వరహాలుకి సిగ్గేసింది. చిన్న సిగ్గు కాదు. తన కాలు మండినప్పుడు వీధి వీధంతా వినేలా మూలిగాడు. ల్యాబులో చేర్చుకునేటప్పుడు మీ ఆవిడ ఏం చేస్తారని అడిగితే, ఇంట్లోనే ఉంటాదండి అని చెప్పినవాడు తనే. మూటలు మోసేవాళ్లు లిఫ్టు ఎక్కకూడదని అపార్ట్‌మెంటు వాళ్లు తీర్మానం చేసినప్పటి నుంచి ప్రతి ఇంటి మూటా కుడి తుంటి మీద పెట్టుకుని మెట్లెక్కిందీ దిగిందీ ఆమె. తను కింద నిలబడి పెట్టె తోసేవాడు, అందరూ వరహాలు బండి అనేవారు.

బొగ్గులు ఆర్పేశాక అడిగాడు.

"ఎన్నాళ్ల నుంచే?"

"ఏటి ఎన్నాళ్లు?"

"కుడిపక్క నడుం. సాపితే పట్టేస్తాది. మెట్టు మీద మరీని. బరువెత్తితే ఇక్కడి నుంచి ఇక్కడి దాకా." అతను తన నడుము మీద వేలితో గీసి చూపించాడు.

నూకరత్నం ఆ వేలినే చూసింది. ఎవరికీ చెప్పని మాటని ఎవరో బజార్లో పైకి చదివినట్టు ఆమె మొహం ఎర్రబడింది.

"నాకేటీ నేదు," అంది. మూట కట్టడం మొదలుపెట్టి, కట్టలేక ఆపేసింది. "ఇద్దరమూ పడుకుంటే బండెవుడు తోస్తాడు? డాక్టరమ్మకి గాని సెప్పావంటే ఆ బిళ్ల పీకేస్తారు మావా. ఊరుకో."

వరహాలు ఊరుకోలేదు. మర్నాడు ఒంటరిగా కొండ మీదకి వెళ్లి జరిగిందంతా చెప్పాడు. హైమవతి కోప్పడుతుందనుకున్నాడు. ఆమె కుర్చీలో వెనక్కి వాలి, తప్పు నాదేనంది. పట్టీ మీరే కట్టుకోవాలి, ఇంకొకరు కట్టుకోకూడదు అని చెప్పాల్సిన ఒక్క మాట తను చెప్పలేదు. మీ నొప్పి ఉయ్యాలకి తెలుసు కాబట్టి దాన్ని వడకట్టింది, ఆమె నొప్పి సంగతి ఎవరికీ తెలియదు కాబట్టి అది పనితో కలిసి నేరుగా బిళ్లలోకి వెళ్లిపోయింది అని వివరించింది.

ఆ రోజు ఆమె చెప్పబోయిన 'లేదా' తర్వాతి మాట ఇప్పుడు చెప్పింది. మరపు సూది అని ఒకటుంది. అది వేస్తే బిళ్ల నేర్చుకున్నదంతా మరిచిపోతుంది. మళ్లీ వరహాలు ఒక్కడే పట్టీ కట్టుకుని నేర్పుకోవచ్చు, తియ్యాల్సిన పని లేదు. కాకపోతే బిళ్ల ఎముకకి అతుక్కుని గట్టిపడక ముందే, ఈ వర్షాకాలం అయ్యేలోపే వెయ్యాలి. తర్వాత వేస్తే పనిచెయ్యదు.

నూకరత్నాన్ని కూడా పిలిపించి పరీక్ష చేశారు. ఎక్కడ నొప్పి అంటే ఎక్కడా లేదంది. వంగమంటే నవ్వుతూ వంగింది. స్కానులో వయసుకి తగ్గ అరుగుదలే కనిపించింది. ఇలాంటివాళ్లని మామూలుగా ఈ ల్యాబులో చేర్చుకోరు. దాచి దాచి, ఎక్కడ నొప్పో తనకే తెలియనంతగా దాచేసుకుంది. ఆమె నొప్పి ఉందని చెప్పగలిగింది ఈ లోకంలో ఒక్క చోటే ఉంది. అది వరహాలు వెన్నులో ఉంది.

"మీ బిళ్లే ఋజువు కాబట్టి ఆవిడకీ ఒకటి పెంచగలను," అంది హైమవతి, నూకరత్నం బయటికి వెళ్లాక. "పెంచాలంటే ఆవిడ కదలికల్లో ఏది నొప్పి, ఏది ఆవిడ సహజమైన తీరు అన్నది ఉయ్యాలకి తెలియాలి. మీరిద్దరూ చెరో పట్టీ కట్టుకుని పక్కపక్కన పనిచేస్తే, మీ బిళ్ల బిగుసుకున్న చోటల్లా అది వడకడుతుంది. ఒక్కసారి చూసి వదిలేసేది కాదు వరహాలు గారూ. బిళ్ల పెరిగినన్నాళ్లూ మీరు కావాలి. అప్పటికి వర్షాకాలం దాటిపోతుంది."

"అంటే నాది ఇక ఇలగే ఉండిపోద్ది."

"ఉండిపోతుంది. అంతేకాదు, ఏళ్లు గడిచేకొద్దీ పెరగొచ్చు కూడా. ముందు సూది వేయించుకోండి అని చెప్పడం డాక్టరుగా నా ధర్మం."

వరహాలు కిటికీలోంచి చూశాడు. బయట చెట్టు కింద నూకరత్నం ఎవరో రోగి తాలూకు ముసలావిడతో కబుర్లు చెబుతోంది. చెబుతూ చెబుతూ ఎడమకాలు పక్కనున్న రాయి మీద పెట్టింది.

నాకు సూది వద్దమ్మా, వేసినట్టు మాత్రం దానితో చెప్పండి అన్నాడు. నేను అబద్ధం చెప్పనంది హైమవతి. అడిగితే నిజమే చెప్తాను, అడక్కపోతే నోరెత్తనంది. అంతకన్నా ఎక్కువ అతను అడగలేదు.

బయటికి వచ్చి, జబ్బ మీద సూది పొడిచినచోట నొక్కుకుంటున్నట్టు దూది పెట్టుకుని నడిచాడు. మరపు సూది వేశారు, ఇక బిళ్ల తియ్యక్కర్లేదట, నీకూ బిళ్ల పెంచుతారట, నాది మరిచిపోయింది కాబట్టి సరిచూసుకోవడానికి నా పట్టీ కూడా కావాలట అని చెప్పుకొచ్చాడు. నూకరత్నం వెంటనే నమ్మేసింది. తను చెప్పిన అబద్ధాలు ఇన్నేళ్లూ ఎంత సులువుగా చెల్లుబాటయ్యాయో, అతనిదీ అంత సులువుగానే చెల్లింది. సింహాద్రి అప్పన్నకి దణ్ణం పెట్టుకుని, ఆటోలో దారంతా అతని భుజం మీద తల పెట్టుకుంది. వరహాలుకి అది భరించడం కష్టమైంది.

ఆ వర్షాకాలమంతా బండి మీద పరదా కట్టుకుని ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఇస్త్రీ చేశారు. ల్యాబు వాళ్లు రెండో పెట్టె కొనిచ్చారు. లెక్చరరు గారు కిందికి దిగివచ్చినప్పుడల్లా, భార్యాభర్తలు పోటీలు పడుతున్నారా అని నవ్వేవారు. మెట్లు కూడా ఇద్దరూ కలిసే ఎక్కారు. చెరో మూట ఎత్తుకుని ఎక్కుతుంటే వరహాలు నడుం ఆమెకి పట్టినచోటే పట్టేది. ప్రతి మలుపులోనూ ఒకటే ఆలోచన. ఇన్ని మెట్లు ఎక్కి దిగి, ఇంటికొచ్చి, నా కాళ్లు పిసికిందే ఇది. కోపం వచ్చేది. ఆమె మీదో తన మీదో తెలిసేది కాదు. ఆమె ఆగినచోట ఆగకుండా, ఆమె మూలిగినా తను మూలగకుండా నడవడం నేర్చుకున్నాడు. అవును, ఇప్పుడామె మూలుగుతోంది. బాగుపడబోతున్నానని తెలిశాక, ఇన్నేళ్లుగా బిగబట్టుకున్నదంతా బయటికి వస్తోంది.

వానలు వెనకబట్టాయి. మరపు సూది గడువు దగ్గరపడుతున్నా వరహాలు గమనించనట్టే ఉన్నాడు. హైమవతి మాత్రం ఒక సాయంత్రం ఫోన్ చేసి, ఇవాళే ఆఖరు వరహాలు గారూ అంది. సరేనమ్మా అని పెట్టేశాడు. ఎవరని నూకరత్నం అడిగితే, లెక్చరరు గారు దుప్పట్లకి రమ్మంటున్నారని చెప్పాడు.

చలి మొదలయ్యాక ఆమెకి ఆపరేషను అయింది. తీసిన పాత బిళ్లని హైమవతి గిన్నెలో పెట్టి వరహాలుకి చూపించింది. కుడిపక్కంతా నలిగి, చీలికలైపోయి ఉంది. స్కానులో కనబడనిది చేతికి వచ్చాక కనబడింది. దీన్ని ఆవిడ ఎలా మోశారండీ అని అడిగింది గానీ జవాబు కోసం కాదు.

నూకరత్నం బండి దగ్గరికి తిరిగొచ్చిన రోజు వీధిలో ఎవరూ గుమిగూడలేదు. ఆమెకి ఆపరేషను అయిన సంగతే చాలామందికి తెలియదు. వాచ్‌మన్ మాత్రం, ఊరెళ్లొచ్చావా అని అడిగాడు. ఆమె తన వైపు నిలబడి, కాసేపు ఇటుక కోసం కాలితో వెతికి, అక్కర్లేదని గుర్తొచ్చి నవ్వుకుంది. కుడివైపు మూటలోకి చెయ్యి చాపింది. చీర తీసింది. మళ్లీ ఊరికే చాపింది, ఏదీ తియ్యకుండానే. చిన్నపిల్ల కొత్త గాజులు చూసుకున్నట్టు తన నడుముని తను చూసుకుని, మావా సూడు అంది. వరహాలు చూశాడు. అతనికి కళ్లనీళ్లు తిరిగాయి. చేసిన పని సరైనదే అనుకున్నాడు. ఆ మాట పూర్తిగా నమ్మాడు కూడా.

పెట్టె వేడెక్కింది. అతను ఒక చొక్కా పరిచి, నీళ్లు చిలకరించి, తోశాడు. తర్వాతి బట్ట కుడిపక్కన ఉంది. ఇటుక ఆమె వైపే ఉండిపోయింది. అడిగితే అనుమానమొస్తుంది. చలికో ఏమో ఇవాళ మరీ గట్టిగా బిగుసుకుని ఉంది. చెయ్యి చాపబోయి ఆగాడు. ఆగినట్టు కనబడకూడదని గిన్నెలో వేళ్లు ముంచి, చొక్కా మీద ఇంకోసారి చిలకరించాడు. అది ఇంకా ఆవిరి కక్కుతూనే ఉంది.

బల్లకి అటువైపు నూకరత్నం చేతిలోని చీర మడత సగంలో ఆగిపోయింది. ఆమె ఆ చొక్కా మీది నీటి చుక్కల్ని చూసింది. తర్వాత అతని కుడి భుజాన్ని, బిగబట్టిన ఊపిరిని, నేలమీద వెతుక్కుంటున్న ఎడమకాలిని చూసింది. లోపల ఏం జరుగుతోందో ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు. బయటినుంచి చూడటం మాత్రం ఇదే మొదటిసారి.

"తడి బట్ట మీద మళ్లీ నీళ్లెందుకు మావా?"

వరహాలు పెట్టె ఎత్తి పక్కన పెట్టాడు. ఆమె చీర బల్ల మీద వదిలేసి, వంగి, ఇటుక చేత్తో తీసి, చుట్టూ తిరిగి వచ్చి అతని కాలి దగ్గర పెట్టింది. పెట్టాక లేవలేదు. నడుం హాయిగా వంగుతున్నా, అక్కడే అతని పాదం పట్టుకుని కూర్చుండిపోయింది.